దిగకుండా తిరిగి లేచిన విమానం

జనవరిలో ఒకరోజు ఫజర్ నమాజ్ కాగానే మధురపూడి ఎయిర్‌పోర్టుకు బయల్దేరాను. మా ఖాలా కువైట్ నుంచి వస్తోంది. హైదరాబాద్‌లో విమానం మారి మన రాజమండ్రిలో దిగాలి. దారి పొడవునా పొగమంచు. పది గజాల అవతల సైకిల్ మీద పోయే మనిషి కనపడటం లేదు. గేటు బయట నిలబడి ఉంటే విమానం చప్పుడు కిందికి వచ్చింది. ఇక దిగినట్టే అనుకునేలోపు పెద్ద హోరుతో మళ్లీ పైకి పోయింది. కాసేపటికి హైదరాబాద్‌కు వాపస్ వెళ్లిందని కబురు.

పక్కనున్న పెద్దాయన మొహం చిట్లించారు. "ఇంత దూరం తెచ్చి దించలేకపోయాడు. కొత్తోడై ఉంటాడు" అన్నారు. సాయంత్రానికి ఇల్లు చేరిన ఖాలా ఇంకా వణుకుతూనే ఉంది. "చక్రాలు దిగిన చప్పుడు కూడా విన్నాను బేటా. ఒక్కసారిగా పైకి లేపేశాడు. కలిమా చదువుకున్నాను" అంది.

నాకు మాట పెగల్లేదు. ఎందుకంటే, డెస్కులో పనిచేసే రోజుల్లో ఇలాంటి వార్తకే నేను 'త్రుటిలో తప్పిన పెను ప్రమాదం' అని హెడ్డింగు పెట్టాను. అది గలత్ అని తర్వాత చదివి తెలుసుకున్నాను. పైలట్ తన డ్యూటీ సరిగ్గా చేసిన రోజును నేను ప్రమాదం అని రాశాను.

రన్‌వే కనపడని వాతావరణంలో విమానాన్ని నేల మీది రేడియో సంకేతాలను బట్టి, మీటర్లు చూసుకుంటూ దించుతారు. దాన్నే ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ అంటారు. అలా ఎంత కిందికి రావచ్చో ప్రతి రన్‌వేకూ ఒక హద్దు ముందే రాసి ఉంటుంది. మామూలు ఐఎల్ఎస్ పరికరం ఉన్నచోట ఆ హద్దు నేల నుంచి సుమారు 200 అడుగులు. అంత కచ్చితమైన పరికరం లేనిచోట ఇంకా పైనే ఆగాలి. అక్కడికి వచ్చేసరికి రన్‌వే గానీ దాని దీపాలు గానీ కంటికి కనపడాలి. కనపడకపోతే బహస్ లేదు. ఇంజన్లకు జోరిచ్చి లేవాల్సిందే. దీన్నే గో అరౌండ్ అంటారు.

200 అడుగుల నుంచి నేల తాకడానికి పట్టేది 15, 20 సెకన్లే. అంతలో కూర్చుని ఆలోచించే వీలుండదు. అందుకే ఫైసలా ముందే అయిపోయి ఉంటుంది. లేచాక ఎటు తిరగాలో, ఎంత ఎత్తుకు పోవాలో చార్టులో ఉంటుంది. వేరే ఊరికి వెళ్లడానికి సరిపడా ఇంధనం కూడా ముందే నింపుకుంటారు. రన్‌వే కనపడినా సరే, వేగం ఎక్కువైనా, ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉన్నా దిగకూడదు.

ఈ ఖాయిదా పాటించకపోతే ఏమవుతుందో గల్ఫ్ కుటుంబాలకు వేరే చెప్పాలా? 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. ఎనిమిది మందే బతికారు. కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడనీ, కెప్టెన్ వినలేదనీ విచారణలో తేలింది. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న, కరోనా రోజుల్లో మళ్లీ దుబాయ్ నుంచే వచ్చిన విమానం కోళికోడ్‌లో వానలో దిగింది. మొదటి ప్రయత్నంలో పైలట్లు సరిగ్గానే పైకి లేచారు. రెండోసారి సగం రన్‌వే దాటాక చక్రాలు నేలకు తగిలాయి. కో పైలట్ గో అరౌండ్ అన్నా ఆగలేదు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది చనిపోయారు. మర్నాడు పొద్దున అక్కడి నుంచే ఇంకో విమానం నడపాలన్న తొందర కూడా కెప్టెన్ ఫైసలా మీద పనిచేసిందని దర్యాప్తు నివేదిక చెప్పింది.

రెండు చోట్లా చిన్నవాడు సరైన మాట చెప్పాడు. పెద్దవాడు వినలేదు. మన ఇళ్లలో పెద్దల మాటకు అడ్డు చెప్తే బేఅదబీ అంటాం. విమానంలో ఆ అదబ్ జనాజాల దాకా తెచ్చింది. ఇద్దరిలో ఎవరు గో అరౌండ్ అన్నా లేవాల్సిందే అన్నది ఇప్పుడు చాలా ఎయిర్‌లైన్ల ఖాయిదా. అయినా సరిగ్గా కుదరని అప్రోచ్‌లలో నూటికి మూడింటిలోనే పైలట్లు తిరిగి లేస్తున్నారని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం చెప్పింది. మిగతా 97 దిగిపోతున్నాయి. దాదాపు అన్నీ క్షేమంగానే దిగుతాయి, అందుకే ఆ ఆదత్ పోదు.

ఇందులో మన హిస్సా కూడా ఉంది. వాపస్ వెళ్తే ప్యాసింజర్లు అరుస్తారు, పేపర్లు భయపెడతాయి, ఎయిర్‌పోర్టు బయట 'చేతకానోడు' అంటారు. పైలట్లూ మనుషులే, వాళ్లకీ ఇజ్జత్ ఉంటుంది. వరద గోదావరిని చూసి పడవను రేవుకు తిప్పిన సరంగును మనం పిరికివాడు అంటామా? కచ్చులూరు తర్వాత అనగలమా?

డెస్కుల్లో ఉన్న నా దోస్తులకు ఒక గుజారిష్. గో అరౌండ్ వార్త వస్తే 'తప్పిన ప్రమాదం' అని రాయకండి. 'మంచు వల్ల దిగకుండా వెనుదిరిగిన విమానం' అంటే చాలు. పైలట్లు కూడా వీలు దొరకగానే మైకులో రెండు ముక్కలు చెప్తే లోపల కూర్చున్నవాళ్ల గుండె కుదుటపడుతుంది.

రెండ్రోజులాగి ఖాలాకు ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ పిల్లాణ్ని నేను ఊరికే తిట్టుకున్నానన్నమాట" అంది. ఆమె ఒక్కతే తిట్టుకోలేదు. ఈసారి మంచులో మీ వాళ్ల విమానం తిరిగి లేస్తే, ఆ సంగతి పక్కనున్నవాళ్లకు మీరే చెప్పండి.