ఆ రాత్రికి అంకెలే సాక్షులు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనే చిన్న పట్టణం ఉన్నది. చాకొలెట్ పరిశ్రమను ఆశ్రయించి పెరిగి, దానివల్లనే పేరు పొందిన ఊరు అది. 1962 మార్చి 2వ తేదీ రాత్రి అక్కడి క్రీడామందిరంలో ఫిలడెల్ఫియా వారియర్స్, న్యూయార్క్ నిక్స్ అనే రెండు వృత్తి బాస్కెట్‌బాల్ జట్లు తలపడ్డాయి. చూడవచ్చినవారు 4,124 మంది. టెలివిజన్ కెమెరా ఒక్కటీ లేదు. న్యూయార్క్ పత్రికలు ఆ ఆటకు తమ విలేకరులను పంపలేదు.

ఆ రాత్రి విల్ట్ చేంబర్లేన్ అనే క్రీడాకారుడు ఒక్కడే 100 పాయింట్లు సాధించాడు.

ఆ ఆటను తిరిగి చూపగల చలనచిత్రం ఏదీ లోకానికి దక్కలేదు. మిగిలినవి కొన్ని ఛాయాచిత్రాలు, చివరి భాగపు రేడియో వ్యాఖ్యానం, ఒక స్కోరు పట్టిక. ఆ వ్యాఖ్యానాన్ని అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2016లో జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది. ఆట మొత్తానికి సాక్ష్యం చెప్పగలిగినది మాత్రం పట్టిక ఒక్కటే. కోర్టులో సాక్షిని ప్రశ్నించినట్లు దానిని కూడా ప్రశ్నించవచ్చు.

మొదటి ప్రశ్న: ఆ నూరు ఎట్లా వచ్చింది? బాస్కెట్‌బాల్ ఆటలో బంతిని బుట్టలో వేస్తే రెండు పాయింట్లు. దూరం నుంచి వేసినవారికి మూడు పాయింట్లు ఇచ్చే నియమం ఆ లీగ్‌లోకి 1979లో గాని రాలేదు. ప్రత్యర్థి ఫౌల్ చేసినప్పుడు ఎవరి అడ్డూ లేకుండా నిలబడి వేసే ఫ్రీ త్రోకు ఒక పాయింటు. చేంబర్లేన్ 63 సార్లు బుట్టకు గురిపెట్టి 36 సార్లు సఫలుడైనాడు. ఆ లెక్కన 72. ఫ్రీ త్రోలు 32 దొరకగా 28 వేశాడు. వెరసి నూరు.

లెక్క సరిపోయింది. అయితే ఆశ్చర్యం ఆ 28 వద్దనే ఉన్నది. ఏడడుగుల ఒక అంగుళం పొడవుగల ఆ మహాకాయునికి ఫ్రీ త్రో ఆజన్మ శత్రువు. వృత్తి జీవితం మొత్తం మీద నూటికి 51 మాత్రమే వేయగలిగాడు. ఆ ఏడాది బంతిని రెండు చేతులతో పట్టుకొని, కిందినుంచి పైకి విసిరే పద్ధతిని అనుసరించాడు. చూచేవారికి అది చిన్నపిల్లల ఆటవలె కనిపించేది. ఫలితం మాత్రం నూటికి 61కి పెరిగింది. ఆ రాత్రి అది నూటికి 87 దాటింది. బలాఢ్యుడు బలంతో గెలిచాడని లోకం చెప్పుకొంటుంది. బలానికి పనిలేని చోట అతడు కుదురుగా నిలిచాడని పట్టిక చెబుతున్నది.

రెండవ ప్రశ్న కొంచెం కఠినమైనది: ఇది నిజమైన ఆటేనా, లేక ఒక్కనికోసం అందరూ కలిసి నడిపిన ప్రదర్శనా? ఈ సందేహం ఊరికే పుట్టలేదు. చివరి నిమిషాలలో అతనికి బంతి అందకుండా నిక్స్ ఆటగాళ్లు ఇతర వారియర్స్ ఆటగాళ్లను కావాలని ఫౌల్ చేశారు. బంతి త్వరగా తమ చేతికి తిరిగి రావాలని వారియర్స్ కూడా కావాలనే ఫౌల్ చేశారు. పట్టికలో ఆ పంతాల కథ లేదు. ఇరుజట్లకూ కలిపి 93 ఫ్రీ త్రోలు అన్న అంకె మాత్రమే ఉన్నది.

సమాధానం కూడా పట్టికలోనే వెతకవలసి ఉంటుంది. 48 నిమిషాల ఆటను 12 నిమిషాల చొప్పున నాలుగు భాగాలుగా ఆడతారు. చేంబర్లేన్ ఒక్క నిమిషమైనా విశ్రాంతి తీసుకోక వరుసగా 23, 18, 28, 31 పాయింట్లు చేశాడు. అనగా, ఆ ఫౌళ్ల పోరు ముదిరిన చివరి భాగం మొదలు కాకమునుపే అతని ఖాతాలో 69 ఉన్నవి. తుది స్కోరు వారియర్స్ 169, నిక్స్ 147. నూరు తీసివేస్తే తక్కిన వారియర్స్ అందరూ కలిసి చేసినవీ 69 పాయింట్లే! మొత్తం ఆటలో జట్టంతా చేసినంత పనిని అతడొక్కడే మూడు భాగాలలో ముగించాడు. ఆపైన జరిగినదానిని ఎవరు ఏ పేరుతో పిలిచినా, ఈ 69 చెక్కుచెదరదు.

మూడవ ప్రశ్న ఇతరుల సంగతి. మహావృక్షం నీడలో చిన్న మొక్కలు కనిపించవు. ఆల్ ఆటిల్స్ ఎనిమిది సార్లు గురిపెట్టి ఎనిమిదీ వేశాడు. దొరికిన ఒక్క ఫ్రీ త్రో కూడా వేశాడు. ఒక్కసారైనా గురి తప్పని 17 పాయింట్లు అవి. అటువంటి రాత్రి ఏ ఆటగాడికైనా అరుదు. అతనికి అది నూరు పాయింట్ల రాత్రినే వచ్చింది! గై రోజర్స్ చేసినవి 11 పాయింట్లే అయినా, సహచరులకు బంతిని అందించి 20 బుట్టలకు కారకుడైనాడు. ఓడిన జట్టులో రిచీ గెరిన్ 39, క్లీవ్‌లాండ్ బక్నర్ 33, విల్లీ నాల్స్ 31 పాయింట్లు చేశారు. మరొక రాత్రి అయితే వారి పేర్లే ముందు వినిపించేవి. చేంబర్లేన్‌కు అడ్డు నిలువవలసిన డారల్ ఇమ్‌హాఫ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోని వాడు. అతడు 20 నిమిషాలలోనే ఫౌళ్ల పరిమితి దాటి బయటికి పోవలసివచ్చింది.

నూరు పాయింట్ల వల్ల ఆ ఏడాది కిరీటం దక్కిందా అంటే, అదీ లేదు. ఆ సీజన్‌లో చేంబర్లేన్ 80 ఆటలాడి, సగటున 50.4 పాయింట్లు సాధించాడు. అయినను ఉత్తమ క్రీడాకారుని బహుమతి బోస్టన్ జట్టుకు చెందిన బిల్ రస్సెల్‌ను వరించింది. వారియర్స్ జట్టు అదే బోస్టన్ చేతిలో ఏడవ ఆటలో రెండే పాయింట్ల తేడాతో ఓడి ఇంటిముఖం పట్టింది. చేంబర్లేన్ తన మొదటి ఛాంపియన్‌షిప్ కోసం 1967 వరకు వేచి ఉండవలసివచ్చింది.

ఆ రాత్రి లెక్కలు వ్రాసినవాడు హార్వీ పొల్లాక్. జట్టు ప్రచార బాధ్యతలు చూస్తూ, లెక్కలు వ్రాస్తూ, వార్తాసంస్థలకూ ఒక పత్రికకూ వార్త పంపే పని కూడా అతడే నిర్వహించాడు. ఆట ముగిసిన పిదప ఒక తెల్లకాగితం మీద 100 అని వ్రాసి చేంబర్లేన్ చేతికిచ్చాడు. దానిని పట్టుకొని కూర్చున్న క్రీడాకారుని ఛాయాచిత్రమే నేటికీ లోకం ఎరిగిన గుర్తు.

పట్టికలో మరొక వరుస ఉన్నది. జో రుక్లిక్ అనే ప్రత్యామ్నాయ ఆటగాడు ఆనాడు ఎనిమిది నిమిషాలు మాత్రమే ఆడాడు. దొరికిన రెండు ఫ్రీ త్రోలూ తప్పాడు. ఆట ముగియడానికి 46 సెకన్లు ఉండగా చేంబర్లేన్ వేసిన నూరవ పాయింటుకు బంతిని అందించినవాడు అతడే. ప్రేక్షకులు హర్షధ్వానాలతో మైదానంలోకి దూకుతుండగా రుక్లిక్ వారితో కలియలేదు. లెక్కలు వ్రాసే బల్ల వద్దకు వెళ్లి, ఆ సహాయం తన పేరిట నమోదైనదో లేదో చూచుకొన్నాడు.

అది నమోదైనది. అతని పేరుకెదురుగా పాయింట్లు సున్న, సహాయం 1.