మానినోడికి మళ్ళీ ముద్ర వేస్తామా?

తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల మన ఎరుకల, యానాది పేటల్లో తరచూ వినిపించే మాట: "వాడు డీఅడిక్షన్ సెంటర్‌కెళ్ళొచ్చినా మారలేదు." మారాల్సింది వాడొక్కడేనా?

వైద్యం ఒంట్లోంచి మందునీ గంజాయినీ దించుతుంది. ఇంటికొచ్చాక జేబులు తడిమే ఇంటోళ్ళు, "ఒక్క గుక్కేరా" అనే సావాసగాళ్ళు, పనయ్యాక సీసా తెప్పించే మేస్త్రీ మాత్రం మారరు.

నేరస్థ తెగల చట్టం ఎరుకలోళ్ళకి పుట్టుకతోనే "దొంగ" ముద్ర వేసింది. 1952లో అది రద్దయింది. ముద్ర పోయిందా? స్టూవర్టుపురాన్ని అడగండి. ముద్ర మనిషినేం చేస్తుందో తెలిసిన మనమే, మానినోడిని "తాగుబోతు" అనొచ్చా?

పనికి పిలవండి. సాయంత్రాలు తోడుండండి. మళ్ళీ జారితే తిట్టొద్దు, 14446కి ఫోన్ చేయించండి. అది ఉచితం.