దాహం ఆకుది, గాయం వేరుది

వాడిన మొక్కకు నీళ్ళు పొయ్యమని చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు. తులసికైనా, మందారానికైనా, వాకిట్లో బంతికైనా ఆ ధర్మం చెల్లుతుంది. కాని ఇటీవలి కాలంలో గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ కానుకగా మన ఇళ్ళలో అడుగుపెడుతున్న ఆర్కిడ్ విషయంలో మాత్రం ఆ దయే ప్రాణాంతకమవుతోంది. ఆకులు ముడతలు పడి, మెత్తని తోలులా వేలాడుతుంటే చూడలేక చెంబెడు నీళ్ళు కుమ్మరిస్తాం. మర్నాడు మళ్ళీ పోస్తాం. నెల తిరిగేసరికి మొక్క చెత్తబుట్టలో ఉంటుంది. "ఎంత నీళ్ళు పోసినా బతకలేదండీ" అన్న మాట నేను ఎందరి నోటనో విన్నాను. ఆ వాక్యంలో "పోసినా" అన్న చోట "పోసినందువల్ల" అని ఉండాలన్నది నా అభిప్రాయం.

మనకు ఎక్కువగా దొరికే ఆర్కిడ్ పేరు ఫలెనాప్సిస్. పువ్వు రెక్కలు చాచిన చిమ్మటలా ఉంటుంది కనుక 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గ్రీకు మాటలతో ఆ పేరు పెట్టాడు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వంటి చోట్ల వర్షారణ్యాలలో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరగడం దాని స్వభావం. అలా పెరిగే మొక్క మనకు కొత్తదేమీ కాదు. ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి వాండా, వృక్షోపజీవి, వెలమిన్ కణజాలం అనే మాటలు పరీక్షల భయంతోనైనా గుర్తుండే ఉంటాయి. ఆ వాండా మన అడవుల్లోనూ, పాత మామిడి చెట్ల మీదా కనిపించేదే. దాని పేరు సంస్కృతంలోని "వందా" నుంచి వచ్చింది. మనవాళ్ళు చెట్టు మీద మొలిచిన మొక్కనల్లా బదనిక అనేశారు. సామర్లకోటలో ఏళ్ళ తరబడి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ పేరును ఒకప్పుడు ఈ వాండాకు పెట్టారు కూడా. ఇది పరాన్నజీవి కాదు. చెట్టు దగ్గర నిలువ నీడ తీసుకుంటుందే తప్ప చుక్క రసం పీల్చదు. వైశాఖపు ఎండలో బోడికొమ్మ మీద, గుప్పెడు మట్టైనా లేకుండా బతికే ఈ జాతికి దాహాన్ని ఓర్చుకోవడం చేతనవును. చేతకానిది ఊపిరాడకుండా బతకడం.

ఇందులోని కిటుకంతా వేరులోనే ఉంది. ఆర్కిడ్ వేరు చుట్టూ నిర్జీవ కణాలతో ఏర్పడిన ఒక స్పంజిలాంటి పొర ఉంటుంది. అదే వెలమిన్. వాన చినుకు తగలగానే ఇట్టే పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది. ఆరగానే మళ్ళీ వెండిరంగుకు తిరుగుతుంది. తడవడమూ ఆరడమూ రెండూ దానికి అవసరమే. ఎప్పుడూ తడిగా ఉన్న కుండీలో గాలి అందక వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళ మధ్యనే ఉన్నా తాగలేదు. సముద్రంలో ఓడ మునిగినవాడి దాహం వంటిది ఆ మొక్క దాహం.

పైగా ఈ సంగతి మనకు ఆలస్యంగా తెలుస్తుంది. ఫలెనాప్సిస్ దళసరి ఆకులు నీటిని దాచుకుంటాయి. పత్రరంధ్రాలను పగలు మూసుకుని, ప్రధానంగా రాత్రివేళ తెరుస్తాయి. ఇంత పొదుపరి ఆకు ముడత పడిందంటే లోపల కష్టం మొదలై వారాలు గడిచాయన్నమాట.

కనుక మొదట చెయ్యవలసింది నీళ్ళు పొయ్యడం కాదు, మొక్కను కుండీలోంచి బయటికి తీసి వేళ్ళను చూడడం. వేళ్ళు గట్టిగా, వెండిరంగులో ఉంటే అది నిజమైన దాహమే. కుండీని అరగంట సేపు నీళ్ళలో ఉంచి, పూర్తిగా ఓడ్చి, ఆపైన వేళ్ళు వెండిరంగుకు తిరిగినప్పుడల్లా తడిపితే చాలు. వేళ్ళు గోధుమరంగులో మెత్తగా ఉండి, నొక్కితే నీరు కారుతూ, పైతొక్క ఊడివచ్చి లోపలి దారం మాత్రమే మిగులుతుంటే అది కుళ్ళు. మంటలో కాల్చి చల్లార్చిన కత్తెరతో కుళ్ళినంత మేరా తీసెయ్యాలి. పూలకాడ ఉంటే దాన్నీ మొదటికి కత్తిరించాలి. మనసొప్పదు, నిజమే. కాని వేళ్ళు లేని మొక్క చేత పూలు మోయించడం జబ్బుమనిషి చేత బరువు మోయించడమే.

ఆ తరువాత మిగిలిన వేళ్ళకు సరిపోయేటంత చిన్న కుండీ చాలు. పెద్ద కుండీ అంటే ఆరని తడి. చెట్టుబెరడు ముక్కలు, బొగ్గు, బాగా నానబెట్టి ఉప్పు వదిలించిన కొబ్బరిడొక్క ముక్కలు వాడవచ్చు. మట్టీ, కొబ్బరిపొట్టూ పనికిరావు. వేళ్ళు దాదాపు లేనప్పుడు పిండేసిన స్ఫాగ్నం నాచు మీద మొక్కను ఆనించి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి వదులుగా కప్పి, సూటి ఎండ తగలని వెలుగులో ఉంచాలి. వేరు తాగలేనప్పుడు ఆకు నుంచి పోయే తడినైనా ఆపాలి కదా! రోజూ కాసేపు గాలి ఆడనివ్వాలి.

నీళ్ళ విషయంలో మన ఊళ్ళకు ప్రత్యేకమైన ఒక చిక్కుంది. బోరునీళ్ళలో లవణాలు ఎక్కువ. నీటిశుద్ధి యంత్రం వదిలేసే నీళ్ళలో మరీ ఎక్కువ. వాటిని వృథా చెయ్యకూడదని మొక్కలకు పోసే ఇల్లాళ్ళ పొదుపు మెచ్చదగినదే గాని, ఆర్కిడ్‌కు మాత్రం వద్దు. లవణాలు పేరుకున్న చోట వేరు నీటిని తీసుకోలేదు. ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది. వాననీరు శ్రేష్ఠం. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళలో కూడా లవణాలు చాలా తక్కువ.

ఇక చిట్కావైద్యాల సంగతి. మంచుముక్కలు పెట్టమంటారు, ఉష్ణమండలపు మొక్కకు మంచు ఎందుకో నాకు అర్థం కాదు. కోసిన వేళ్ళకు దాల్చినచెక్క పొడి అద్దమంటారు. అసలే ఎండిన వేరును అది ఇంకా ఎండబెడుతుంది. బలానికని ఎరువు వేస్తారు. కొత్త వేరు రాకముందు ఎరువు వెయ్యడం లంఖణాల రోగికి విందు పెట్టడం. ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తారు. మైనపు పూత ఉన్న ఆకు తాగేది స్వల్పం, మొవ్వులో నిలిచిన నీరు చేసే కీడు అధికం. ఇవన్నీ మంచిమనసుతో చేసేవే. ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఏదో ఒకటి చెయ్యాలనే తొందర మనది. ఆర్కిడ్ కోరేది ఆ తొందర తగ్గించుకోమనే.

ఒక మిత్రుడి ఇంటి నుంచి నా దగ్గరికి వచ్చిన మొక్కకు రెండు ఆకులు, బొటనవేలంత వేరు మిగిలాయి. ఏడు వారాలపాటు దానిలో ఏ మార్పూ లేదు. ఎనిమిదో వారం ఆకు మొదట్లోంచి పచ్చని మొన ఒకటి పొడుచుకు వచ్చింది. పాత ఆకుల ముడతలు పూర్తిగా పోలేదు, పోవు కూడా. కోలుకున్న గుర్తు కోసం చూడవలసింది పాత ఆకును కాదు, కొత్త వేరును. రెండో శీతకాలానికి అయిదు పూలు పూసింది.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవారున్నారు. కొనుక్కోవచ్చు. ధూళిలాంటి ఆర్కిడ్ విత్తులను చక్కెర కలిపిన అగర్ మీద మొలకెత్తించవచ్చని 1922లో లూయిస్ నడ్సన్ చూపించిన తరువాత, ప్రయోగశాల సీసాలలో మొక్కలు లక్షలుగా పుడుతున్నాయి. ఒకప్పుడు సంపన్నుల గాజుటిళ్ళకే పరిమితమైన పువ్వు మనకూ దక్కింది. అది మంచి మార్పే. కాని చవకైనంత మాత్రాన దాని ఆయుష్షు తగ్గలేదు. సీసాలోంచి బయటికొచ్చి పూతకు రావడానికి దానికి ఏళ్ళు పట్టింది. సరిగా చూసుకుంటే ఏటేటా పూస్తూ దశాబ్దాలు బతకగలదు. మనమే దాన్ని మూడు నెలల పూలగుత్తిగా మార్చేశాం. పూలు రాలిన మొక్క చచ్చిన మొక్క కాదు. ఆకు వాడిన మొక్క కూడా అప్పుడే చచ్చినట్టు కాదు. పారేసే ముందు ఒక్కసారి వేళ్ళను చూడండి. గట్టి వేరు ఒక్కటి కనబడినా, ఆ మొక్క ఇంకా మనతో ఉండదలచుకున్నదనే అర్థం.