మిరప కల్లంలో కెమెరా పరీక్ష

మూడేళ్ళ క్రితం మన హాస్టల్ వార్షికోత్సవంలో గ్రూపు ఫోటో తీసింది నేనే. అందరూ తెల్లచొక్కాలు వేసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డారు. అరువు తెచ్చిన కెమెరాను ఆటోలో పెట్టి నొక్కేశాను. చొక్కాలు బాగానే వచ్చాయి. మొహాలు మాత్రం ఎవరివో పోల్చుకోలేనంత నల్లగా పడ్డాయి. "మనం నలుపే గదన్నా" అని ఒక తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తప్పు మన రంగుది కాదని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

కెమెరా మీటరుకు ఎదురుగా ఉన్నది పత్తో బొగ్గో తెలియదు. ఏది చూపినా మధ్యరకం బూడిద రంగే అనుకుని వెలుతురు లెక్కగడుతుంది. విచ్చిన పత్తిచేను చూపితే వెలుతురు తగ్గించేస్తుంది. పత్తి మాసిపోతుంది, పత్తి తీసే మనిషి మొహం చీకటవుతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ ఒకటికి తిప్పాలి. ఫిల్ము రోజుల్లో అయితే ఇంకో అన్యాయం ఉండేది. కొడాక్ ల్యాబులకు పంపే నమూనా కార్డు మీద తెల్ల యువతి బొమ్మ ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరైనదని లెక్క. దాన్ని షర్లీ కార్డు అనేవారు.

అందుకే కెమెరా కొనేటప్పుడు నేను మెగాపిక్సెళ్ళు చూడలేదు. కానన్ వాళ్ళే 2008లో జీ10లో 14.7 మెగాపిక్సెళ్ళు పెట్టి, 2009లో జీ11 వచ్చేసరికి సెన్సారు సైజు మార్చకుండా 10కి తగ్గించారు. చుక్కలు తగ్గితే ఒక్కో చుక్కకు చోటు పెరుగుతుంది, మసక వెలుతురులో గింజలు గింజలుగా రావడం తగ్గుతుంది. సంక్రాంతి సెలవుల్లో, ఆదివారాల్లో మిరప కోతకు వెళ్ళిన కూలి డబ్బుతో ఆ పాత జీ11 సెకండ్‌హ్యాండులో కొన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ఆ డబ్బు కెమెరాకు పెట్టానని నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.

దాన్ని మిరప కల్లానికి తీసుకెళ్ళాను. మన గుంటూరు మిరప ఏ కెమెరాకైనా కష్టమైన పరీక్షే. సెన్సారు మీద సగం చుక్కలు పచ్చరంగువి, ఎరుపువి పావు వంతే. పైగా మీటరు ఎరుపును ముదురుగా భావించి వెలుతురు పెంచుతుంది. ఎరుపు పొంగిపోయి, కాయల మడతలు పోయి, కల్లమంతా ఎర్రచీర ఆరేసినట్టు ఉంటుంది. మంచి కాయకూ తాలుకాయకూ తేడా తెలియని ఫోటో మన ప్రాంతంలో ఎందుకు? ఇక్కడ మైనస్ తిప్పాలి. జీ11లో దానికి ఎడమవైపు విడిగా ఒక చక్రమే ఉంది, మెనూలు వెతకక్కర్లేదు. తెర కనిపించని ఎండలో కన్ను పెట్టి చూసే కిటికీ ఉంది, కాకపోతే అది ఫోటోలో వచ్చేదంతా చూపదు. రా ఫైలు ఇస్తుంది గనుక ఇంటికొచ్చి కొంత సరిదిద్దుకోవచ్చు.

లోపాలు లేవా? ఉన్నాయి. సెకనుకు దాదాపు ఒక్క ఫోటోనే. వీడియో ఈ రోజుల్లో చూడలేం. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 సెన్సారు దీనికి రెండున్నర రెట్ల పైచిలుకు పెద్దది, చీకట్లో అదే మేలు. కానీ దానికి కిటికీ లేదు. ప్రో మోడ్ ఉన్న ఫోనుంటే తమ్ముళ్ళూ, ముందు దానిమీదే ప్లస్, మైనస్ నేర్చుకోండి. డబ్బు తర్వాత పెట్టవచ్చు.

ఒక్క చిక్కు మిగిలింది. కల్లంలో మా అమ్మ తాలు ఏరుతూ కూర్చుంటే, మిరప కోసం మైనస్ పెట్టాలా, అమ్మ మొహం కోసం ప్లస్ పెట్టాలా? నేను మొహం కోసం ప్లస్సే పెట్టాను. ముందున్న కాయలు కొంచెం పొంగాయి. వెనక నీడలో ఉన్నవి మాత్రం నిలిచాయి. ఆ ప్రింటు అమ్మ చేతికిచ్చాను. తన మొహం వంక ఒక్క క్షణం చూసుకుని, వేలు ఆ నీడ మీద పెట్టి అడిగింది: "ఆ మూలన తాలు అట్టానే వదిలేశారేందిరా?"