వరానికి హద్దు

ఈ వేసవి సెలవుల్లో మా ఇంటి వసారా న్యాయస్థానంగా మారింది. వాదులూ ప్రతివాదులూ సాక్షులూ అంతా కలిసి నలుగురే. అందరిలోకి పెద్ద మా మేనల్లుడు, విజయవాడలో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. తరవాత మా అమ్మాయి, ఆమె స్నేహితురాలు. ఆఖరున పక్కింటి కుర్రవాడు, ఆరో తరగతి. తగాదా ఆస్తి గురించి కాదు, అదృశ్య మంత్రం గురించి!

సంగతేమిటంటే, వీళ్ళు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట ఆడుతున్నారు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని లోకానికిచ్చారు. బల్లమీద పావులుంటే వుండవచ్చు, లేకపోయినా ఫరవాలేదు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలో పాత్ర ధరిస్తారు. "గుహలో రాక్షసుడున్నాడు, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. చేసిన పని ఫలించిందీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా అమ్మాయి కథ నడుపుతుంది గనక పిల్లలు ఆమెను సూత్రధారి అంటారు. మేనల్లుడు మాంత్రికుడు. స్నేహితురాలు గాయాలు మాన్పే పూజారిణి. పక్కింటివాడు కత్తి తప్ప మరేమీ ఎరగని భటుడు.

ఈ ఆటలో మంత్రాలకు రేషను వుంది. రోజుకిన్ని అని లెక్క. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో ప్రచురించిన కథల్లో మాంత్రికుడు ఒకసారి మంత్రం వేస్తే అది మనసులోంచి చెరిగిపోతుంది. ఆట తయారుచేసినవాళ్ళు ఆ ఊహ అక్కణ్ణించి తీసుకున్నారు. వినగానే నాకు మన కర్ణుడు గుర్తొచ్చాడు. అవసరానికి అస్త్రం గుర్తు రాకుండా పోవడమనేది మనకేమీ కొత్తగాదు గదా!

ఇక తగాదా. మా పిల్లల దగ్గరున్నది 2014 నాటి పుస్తకం. అందులో అదృశ్య మంత్రం గంటసేపు పనిచేస్తుంది. ఈలోగా దాడి చేసినా, మరో మంత్రం వేసినా మనిషి కనబడిపోతాడు. మా వాడు అదృశ్యంగా వెళ్ళి, రాక్షసుడి నెత్తిమీద వేలాడే ఇనప దీపస్తంభం తాడు ముడి విప్పాడు. రాక్షసుడు ఠా! మావాడు మాత్రం కనబడడట!

"నేను వాణ్ణి కొట్టలేదు మావయ్యా, ముడి విప్పానంతే. దాడి అంటే పాచిక వేసి కొట్టడమని పుస్తకమే చెబుతోంది," అన్నాడు.

"చంపింది నువ్వే గదా బావా!" అన్నది మా అమ్మాయి.

ఇరవయ్యేళ్ళుగా వ్యాకరణం చెబుతున్నవాణ్ణి. సూత్రార్థం చెప్పమని ఇంట్లోవాళ్ళే అడిగితే పొంగిపోనా? అక్షరం అక్షరమే, ముడి విప్పడం దాడి కాదని తీర్పిచ్చాను. మేనల్లుడు నాకు దణ్ణం పెట్టాడు. అప్పుడైనా అనుమానించి వుండవలసింది.

తరవాత మూడు సాయంత్రాలూ మావాడు కనబడలేదు. బండరాళ్ళు దొర్లించాడు, తలుపులు మూశాడు, కాగే నూనె ఒలకబోశాడు. శత్రువులంతా చచ్చారు. నాలుగోనాడు పక్కింటివాడు రాలేదు. పిట్టగోడ దగ్గర పలకరించి, ఏమోయ్ రాలేదేమని అడిగాను.

"నాకక్కడ పనేముంది మాస్టారూ? అన్నీ అన్నయ్యే చేసేస్తాడు. నేను పాచిక పట్టుకుని కూచోడమేగా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. అది నాకు మరీ కష్టమనిపించింది.

ఆ రాత్రి ఆలోచించాను. మన పురాణాల్లో శక్తులకేమీ కొదవ లేదు. అయినా ప్రతి శక్తికీ పక్కనే ఒక కట్టు కనిపిస్తుంది. ఇంద్రుడిచ్చిన శక్తిని కర్ణుడు ఒక్కసారే వాడాలి. అర్జునుడి కోసం దాచుకున్నది ఘటోత్కచుడి మీద ఖర్చయింది. అశ్వత్థామకు అస్త్రం వదలడం వచ్చు, ఉపసంహరించడం రాదు. అదృశ్యంగా యుద్ధం చేసిన ఇంద్రజిత్తుకు నికుంభిలలో హోమం పూర్తికావాలి. మధ్యలో శత్రువు వచ్చిపడితే అదే వాడి చావు. విభీషణుడు ఆ గుట్టు చెప్పబట్టే లక్ష్మణుడికి చేయడానికో పని మిగిలింది. 1951 నాటి 'పాతాళభైరవి' చూడండి. ఆ ప్రతిమ ఎవరి చేతిలో వుంటే వాళ్ళమాటే వింటుంది. ఆ కట్టు లేకపోతే ప్రతిమ దొరికిన చోటే కథ అయిపోయేది! శక్తికి కట్టు వుంటేనే పక్కవాడికి పాత్ర వుంటుంది.

మర్నాడు తీర్పు తిరగదోడతానన్నాను. మావాడు సిద్ధంగానే వున్నాడు. వసారాలోంచి కనబడే కొండ చూపించాడు.

"ఆ స్వామి చేసిందేమిటి మావయ్యా? హిరణ్యకశిపుడు పగలూ రాత్రీ వద్దన్నాడు, సంధ్యవేళ వచ్చాడు. లోపలా బయటా వద్దన్నాడు, గడప మీద కూచున్నాడు. మనిషీ మృగమూ వద్దన్నాడు, రెండూ అయ్యాడు. ఆయన మాటల్లో సందు వెతికితే లీల, నేను వెతికితే దోషమా?"

మంగళగిరిలో వుంటూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే ఎమ్మే చదివి ఏం లాభం? అయినా నాకు నోట మాట రాలేదు. చెప్పింది మా అమ్మాయి.

"హిరణ్యకశిపుడి వరానికి హద్దు లేదు బావా. స్వామి సందు వెతికి దానికి హద్దు పెట్టాడు. నీ మంత్రానికి హద్దు వుంది. నువ్వు సందు వెతికి దాన్ని చెరిపేస్తున్నావు."

ఇంత సూటిగా నేను క్లాసులో ఎన్నడూ చెప్పలేదు. నా వంతుగా ఒక్క మాట కలిపాను. అదే పుస్తకంలో నాలుగో మెట్టున ఇంకో అదృశ్య మంత్రం వుంది. అది నిమిషమే వుంటుంది గాని, దాడి చేసినా చెదరదు. రెండో మెట్టు మంత్రమే గంటసేపు ఆ పని చేసిపెడితే, పైమెట్టుది ఎవరిక్కావాలి? ఒక సూత్రానికి చెప్పే అర్థం ఇంకో సూత్రాన్ని వ్యర్థం చేస్తే, ఆ అర్థమే తప్పని శాస్త్రం చదివిన పెద్దలంటారు.

2024లో ఈ ఆట పుస్తకం సవరించారు. అదృశ్యుడు ఎవరికైనా హాని కలిగించినా మంత్రం పోతుందని చేర్చారు. మా అమ్మాయి మాటే నెగ్గిందన్నమాట! "హాని చేసింది దీపస్తంభం గదా మావయ్యా?" అన్నాడు మావాడు. వాడి తప్పేం లేదు. హిరణ్యకశిపుడంతటివాడు అంత జాబితా చదివినా ఒక గడప మిగిలిపోయింది. ఎన్ని మాటలు చేర్చినా సందు వుంటుంది. అందుకే పుస్తకం వున్నా సూత్రధారి కావాలి. ఆ సూత్రధారి, మాటకు అర్థమేమిటని అడిగాక, ఆ అర్థం చెబితే బల్ల దగ్గర ఎవరు ఊరికే కూచోవలసివస్తుందని కూడా అడగాలి. నేను రెండోది అడగలేదు.

పిట్టగోడ దగ్గరికి మావాణ్ణే పంపాను. కాసేపటికి ఇద్దరూ కలిసి వచ్చారు. ఆ సాయంత్రం మాంత్రికుడు అదృశ్యంగా వెళ్ళి గుహలో దారి చూసివచ్చాడు. భటుడు ముందు నడిచాడు. పాచిక మీద ఇరవై పడేసరికి వాడు వేసిన కేకకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

మా కొండమీద పానకాలస్వామికి చెంబుడు పోసినా బిందెడు పోసినా సగమే పుచ్చుకుని, సగం భక్తులకు వదులుతాడని నమ్మకం. ఆయన తలచుకుంటే బిందెడూ తాగలేడా?