వాళ్ళు అడిగితే వాయిదా, మనం అడిగితే నిర్లక్ష్యమా?



పోడు భూముల క్లెయిములు రిజెక్ట్ అయిన సంగతి ఎత్తితే చాలు, ఒకటే మాట వింటున్నాం: "మీవాళ్ళు టైంకి అప్పీల్ చేసుకోలేదు, మేమేం చేస్తాం?" ఆఫీసర్లు అంటే అన్నారు. మనలో నాలుగు అక్షరాలు నేర్చినవాళ్ళు కూడా అదే అంటున్నారు చూడండి, అది మాకు ఎక్కువ బాధ.

అటవీ హక్కుల చట్టం నిబంధనలకి 2012లో సవరణ వచ్చింది. అందులో 12ఏ చదవండి. గ్రామసభ సిఫారసుని డివిజన్ కమిటీ గానీ జిల్లా కమిటీ గానీ కాదంటే, ఆ నిర్ణయం క్లెయిము పెట్టిన మనిషికి స్వయంగా తెలపాలి. 60 రోజుల్లో పిటిషన్ పెట్టుకోడానికి. చాలకపోతే ఇంకో 30 రోజులు పొడిగించే అధికారం కమిటీకి ఉంది.

ఆ "స్వయంగా" అన్న మాట దగ్గర ఆగండి. ఆఫీసు గోడకి లిస్టు అంటిస్తే స్వయంగా చెప్పినట్టా? సంతలో కనబడితే "మీది పోయిందంట" అన్నా చెప్పినట్టేనా? మా హాస్టల్లో వేరే వేరే మండలాల వాళ్ళం కూర్చుని మాట్లాడుకుంటే, చాలామంది ఇళ్ళల్లో అసలు రిజెక్షన్ కాగితమే లేదు. కాగితం అందని మనిషికి గడువు ఏ రోజు మొదలైంది, ఏ రోజు అయిపోయింది? వచ్చిన కాగితాన్ని చూరులో దోపి మర్చిపోయినవాళ్ళు లేరని అనం. ఉన్నారు. అందులో ఏముందో చదివి చెప్పే దిక్కు లేక.

ఇప్పుడు అవతలివైపు చూద్దాం. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు పోయినవాళ్ళని అడవి నుంచి ఖాళీ చేయించమని రాష్ట్రాలకి చెప్పింది. లక్షల కుటుంబాలు. అంతా అయ్యాక కేంద్రం వెళ్ళి ఆపమని అడిగితే 28న ఆగింది. పద్ధతి ప్రకారమే రిజెక్ట్ చేశారా, అఫిడవిట్ వేయండి అని కోర్టు రాష్ట్రాలని అడిగింది. గడువు దాటినా వేయని రాష్ట్రాలున్నాయి. వాళ్ళనెవరూ ఇల్లు ఖాళీ చేయమనలేదు!

తపాలా శాఖ ఒక కేసులో 427 రోజులు ఆలస్యంగా వచ్చి, ఫైలు తిరగడంలో లేటయ్యిందంది. 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ప్రభుత్వానికి వేరే గడువు లేదంది. అంత దూరం వెళ్ళి అడిగే ధైర్యం వాళ్ళకుంది కదా, మనకెందుకు లేదు?

టైం అడగడం అడుక్కోవడం కాదు. సివిల్ దావాలో జవాబుకి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. అప్పీల్ లేటయితే తగిన కారణం చూపించి, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద అడగొచ్చు. ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100.

సెలవులకి ఊరెళ్ళేవాళ్ళం కాగితాలు బయటికి తీయిద్దాం. ఏ రోజు చేతికొచ్చిందో కవరు మీదే రాద్దాం. కాగితం రానివాళ్ళ తరఫున "మాకు ఇంతవరకు ఇవ్వలేదు, ఇచ్చిన రోజు నుంచే లెక్క కట్టండి" అని తెలుగులోనే అర్జీ రాద్దాం. గడువులో ఉన్నవాళ్ళకి 30 రోజుల పొడిగింపు అడుగుదాం. ఆఫీసులో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు ఇంట్లో కాదు, మన దగ్గర పెట్టుకుందాం.