మత్స్యోత్సవములు – ఉత్పత్తిదారుని భాగము

తీరపట్టణములలో ఉత్సవములు జరిపి సముద్రపు వంటకములను ప్రజలకు రుచి చూపించు పద్ధతి ఇటీవల ప్రబలుచున్నది. విశాఖపట్టణ ప్రాంతమున ఇందులకు భీమునిపట్టణము మిక్కిలి తగిన తావు. గోస్తనీనది సముద్రమున గలియు ఆ యూరు పూర్వము డచ్చివారి వర్తకస్థానము. వారి సమాధులు నేటికిని అచ్చట నున్నవి. 1825లో ఆంగ్లేయుల వశమై, 1861లోనే పురపాలక సంఘమును బడసినది. సింహాచల ప్రాంత గ్రామములనుండి మన సభ్యులు కుటుంబసహితముగా నిట్టి ఉత్సవములకు పోవుట మాకు సంతోషమే. మత్స్యము ముట్టనివారు సహితము అచ్చట గమనింపదగినది యొకటి గలదు. అది బేరము.

వేపిన వంజరపు ముక్కకు మన మిచ్చు సొమ్ములో, దానిని పట్టి తెచ్చిన జాలరికి ముట్టునది యెంత? రైతున కీ ప్రశ్న క్రొత్తది కాదు. సింహాచలము కొండవాలున పండు అనాసకును పనసకును యాత్రికు డిచ్చు వెలయెంతయో, పండించినవానికి దక్కు వెలయెంతయో మన మెరుగుదుము.

జాలరి బలహీనతకు రెండు కారణములు. మొదటిది, సరకు నిలువదు. ధాన్యమును గాదెలో నుంచి ధరకై వేచియుండవచ్చును. చేప యెండవేడికి కొన్ని గంటలలోనే చెడును. మన దేశపు వేడిమికి చేప యెంత బరువో మంచుగడ్డయు నంత బరువు వలయునని నిపుణుల మాట. మంచు లేనివాడు వేలములో వచ్చిన వెలకే తల యూపవలెను. రెండవది, అప్పు. వలకును పడవకును ముందుగా సొమ్మిచ్చిన వర్తకునికే చేపల నమ్మవలసిన కట్టుబాటు పలుచోట్ల గలదు. ఋణదాతయే కొనుగోలుదారుడైనచో వెల నిర్ణయించున దెవరు? 1904లో మన దేశమున సహకార పరపతి చట్టము పుట్టినది రైతు నిట్టి చెరనుండి విడిపించుటకే.

ఇంకొక సంగతి. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. కొండపై అప్పన్న చందనోత్సవము జరుగు వైశాఖమున ఒడ్డున పడవలు కట్టివేయబడి యుండును. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధిచెందుట కిది యవసరమే. కాని యా రెండు నెలలు గడచుటకు తక్కిన పదినెలలు న్యాయమైన వెల దక్కవలెను గదా.

ఇవి పట్టణవాసుల విలాసములని కొందరందురు. మే మట్లు తలపము. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచగా, ఆ దేశపు బేరమునే నమ్ముకొన్న మన తీరజిల్లాల రొయ్యల రైతులు కలతజెందిరి. పరదేశపు గిరాకి యొక్కదానినే నమ్ముట క్షేమము కాదు. స్వదేశమున తినువారు పెరుగవలెను. అందుకు ఉత్సవములు తోడ్పడును.

కావున ఉత్సవములు జరుగవలెను; కాని యీ రీతిగా జరుగవలెను. అంగళ్లలో మొదటి హక్కు మత్స్యకారుల సహకార సంఘముల కుండవలెను. ప్రతి యంగడియందును ఆ దినపు వేలపు ధరను, అమ్మకపు ధరను పలకపై వ్రాసి యుంచవలెను. వంజరము, చందువలే గాక, పేదవాడు కొనగల కవ్వళ్లును నెత్తళ్లును వండి చూపవలెను. వేట నిషేధ దినములలో సముద్రపు చేపల యుత్సవము పెట్టరాదు.

మన సంఘములకును ఇందు పనియున్నది. జాలరి సంఘపు అంగడి ప్రక్కనే మన బియ్యము, అనాస, పనసలకు మన సంఘము పేర నొక అంగడి యేల యుండరాదు? ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింప గోరుచున్నాము. ఉత్సవమునకు పోవు సభ్యులు తృప్తిగా భుజింతురు గాక. కాని లేచుటకు ముందు ఆ చేప ఒడ్డున నే వెలకు పోయినదో యడిగి తెలిసికొందురు గాక. నేలను దున్నువానికిని నీటిని దున్నువానికిని కష్టమొక్కటే, విమోచనమార్గమును ఒక్కటే.